సాగుడు ఎలీషా, టేపుల కాక

మీ నోళ్లకు ఏం రోగం? ఎవరికి ప్రమోషన్ వచ్చింది, ఎవరి క్వార్టరు ముందు కొత్త కారు నిలబడింది, ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదు, ఇవన్నీ అడగడానికి మాత్రం గిర్రున తిరుగుతాయి. ఎలీషా గురించి అడిగిన నోరు మీలో ఒక్కటైనా ఉందా? వెనక లైన్లోనే కదా ఆయన క్వార్టరు! అరుగు మీద కూర్చుని ఆయన గిటారు వాయిస్తుంటే, మొహాలు చిట్లించుకుని బండ్ల మీద పోయినవాళ్లే అందరూ. సాగుడు ఎలీషా అని పేరు పెట్టడం తెలుసు గానీ, ఎందుకు సాగుతున్నాడని అడగడం తెలియదు. ఇప్పుడు అడిగితే చెప్పడానికి ఆయన లేడు. ఆ ఫోన్లు పక్కన పడేసి వినండి.

ఆయన తండ్రి సామ్యేల్‌ది ల్యాంప్ రూములో పని. బొగ్గుబాయిలోకి దిగే ప్రతి మనిషికీ నెత్తికి దీపం, నడుముకు దాని బ్యాటరీ ఇచ్చి, షిఫ్టు అయిపోయాక వాపసు తీసుకుని చార్జింగుకు పెట్టే గది అది. అప్పటికి వాళ్లకు క్వార్టరు రాలేదు. బాయి పక్కన గుడిసెల వాడలో ఉండేవాళ్లు. కరెంటు లేదు. రేడియోలో వేసిన సెల్లులు నాలుగు రోజులకే చచ్చేవి. అందుకని వాడంతా ఒకటే ఉపాయం చేసింది. బాయిలో పనికిరావని పక్కన పడేసిన దీపం బ్యాటరీని ఒకటి తెచ్చుకుని, దానికి రెండు వైర్లు బిగించి, ఆ వైర్లను రేడియోకు తగిలించేవాళ్లు. ఇటుకంత బ్యాటరీ అది, బరువు కూడా ఇటుకను మించిందే. దాంతో రేడియో బాగానే పాడేది. గొంతు కాస్త తగ్గేది, అంతే. వార్తలు వార్తల్లాగే, పాటలు పాటల్లాగే వచ్చేవి. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

ఎలీషాకు పదిహేడేళ్లప్పుడు సామ్యేల్ ఒక పాత టేప్ రికార్డరు కొన్నాడు. గోదావరిఖని చౌరస్తాలో రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. అందులో తండ్రి పక్కన కూర్చుని పని నేర్చుకుంటున్న సర్వర్ అనే కుర్రాడు ఇచ్చాడు దాన్ని. సర్వర్‌కూ ఎలీషాకూ ఒకటే ఈడు. ఆ టేపుకు కూడా అదే దీపం బ్యాటరీ తగిలించారు. అది తిరిగింది. తిరిగితే చాలు కదా మనకు! సరిగ్గా తిరిగిందా అని ఎవరు అడుగుతారు?

మొదట చర్చి అయ్యగారి ప్రసంగం క్యాసెట్ పెట్టారు. అయ్యగారిది పీల గొంతు. టేపులోంచి మాత్రం ముసలి ఎద్దు రంకె వేసినట్టు వచ్చింది. ఎలీషా తల్లి సారవ్వ బెదిరిపోయింది.

"ఏందయ్యా గిది? అయ్యగారు గిట్ల మాట్లాడుతరా?"

సామ్యేల్‌కు తెలియనిది లేదు కదా! ల్యాంప్ రూము మనిషి. "మిషన్ల పడితే ఎవల గొంతైన గట్లనే అయితదే. ఇనుము గదా" అన్నాడు. ఆ మాటతో ఆ ఇంట్లో ఆ సంగతి తేలిపోయింది.

ఆ తర్వాత ఎలీషా మేనమామ ఇంకో క్యాసెట్ తెచ్చాడు. అప్పట్లో బాయిలో పెద్ద మిషన్ బిగించడానికి బయటి దేశం దొరలు వచ్చి గెస్ట్ హౌస్‌లో దిగారు. మేనమామ అక్కడ వంటమనిషి. ఒక దొర వెళ్లిపోతూ గదిలో వదిలేసిన క్యాసెట్ అది. మీద అంటించిన కాగితం చిరిగిపోయింది. ఎవరి పాటలో ఏమిటో ఏమీ లేదు.

అది పెట్టగానే ముందు గరగర వచ్చింది. తర్వాత డోలు మోగింది. ఒక దెబ్బ పడ్డాక ఇంకో దెబ్బ పడుతుందో పడదో అన్నంత ఆలస్యంగా మోగింది. ఆ మీద ఒక గొంతు లేచింది. పట్టాల మీద నిండా బొగ్గున్న టబ్బు బండిని ఒంటి చేత్తో ఎదురెక్కిస్తున్న మనిషి గొంతులా ఉంది.

"పాపం, ఈయినె ఇంట్ల ఎవలో పోయిండ్రు" అంది సారవ్వ.

"పోవుడు లేదు ఏం లేదు. తాగిండు" అన్నాడు సామ్యేల్.

 ఆ గొంతు మాత్రం ఎలీషా పక్కటెముకల్లోకి దిగి కూర్చుంది. ఆ పాడే మనిషి పేరు తెలియదు, ఊరు తెలియదు, అంటున్నది ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఆ మనిషి తనకు ఎప్పటినుంచో తెలిసినట్టే అనిపించింది. తెల్లారేసరికి ఆ టేపులోని మనిషికి కాక అని చిన్నాయన వరస కలిపాడు. టేపుల కాక. బ్యాటరీ బలం తగ్గినప్పుడు పాట మరింత సాగిపోయేది. "ఇయ్యాల కాకకు పానం బాగలేదు" అని టేపు ఆపేసి, తండ్రి బ్యాటరీని చార్జింగు చేసి తెచ్చేదాకా ఎదురుచూసేవాడు.

చర్చిలో ఒక మూలన తీగ తెగిన గిటారు ఉండేది. దాన్ని అడుక్కుని ఇంటికి తెచ్చుకున్నాడు. టేపు పక్కన పెట్టుకుని కాక గొంతుతో కలిసేదాకా తీగలు వదులు చేస్తూ పోయాడు. చివరికి అవి బట్టలు ఆరేసే తాళ్లలా వేలాడాయి. వాటి మీద వేలు పెడితే గుమ్ముమని ఒక మోత వచ్చేది, కడుపులోంచి వచ్చినట్టు. నేర్పిన గురువు లేడు. ఆ మోత, ఆ నడక, అదే సంగీతం అనుకున్నాడు. కాక అలా పాడుతుంటే కాదనడానికి తనెవరు?

చర్చిలో పాటలు పాడే కొయిర్‌కు పెద్ద, జాన్ ప్రసాద్ సారు. బడిలో లెక్కల సారు, చర్చిలో కీబోర్డు. రెండుచోట్లా ఆయనకు తప్పు కనిపిస్తే చెవి మెలిపెట్టాల్సిందే. ఎలీషాను క్యారల్స్‌కు తీసుకుపోయాడు ఒక ఏడు. క్రిస్మస్ ముందు లారీలో ఎక్కి, నక్షత్రం పట్టుకుని, ఇంటింటికీ వెళ్లి పాడే క్యారల్స్. మొదటి ఇంట్లోనే ఎలీషా గిటారు అందుకున్నాడు. డప్పు కొట్టేవాడు ముందుకు పోతాడు, ఎలీషా వెనక్కి లాగుతాడు. పాడేవాళ్లు ఇద్దరి మధ్య నలిగిపోయారు. వాళ్లకు పోసిన చాయ్ మీద మీగడ కట్టింది. వాడంతా తిరగాల్సిన లారీ రెండు ఇండ్ల దగ్గరే ఆగిపోయింది. మిగతావాళ్లు నక్షత్రం కోసం చూసీ చూసీ తలుపులు వేసుకుని పడుకున్నారు.

"ఎలీషా, బాలయేసు పుట్టిండని పాడుమంటే, పుట్టి పోయిండన్నట్టు పాడుతున్నవేందిర? ఆ తీగలు బిగించు ముందుగల" అన్నాడు జాన్ ప్రసాద్.

"బిగిస్తే కాక లెక్క రాదు సార్."

"ఏ కాక?"

"టేపుల కాక."

అందరూ పడీపడీ నవ్వారు. అప్పటి నుంచి ఎలీషాకు క్రిస్మస్ బంద్. మరి మొత్తం తీసేస్తే సామ్యేల్ మొహం చిన్నబోతుందని, గుడ్ ఫ్రైడే ఒక్కటి ఇచ్చారు. ఆ రోజు ఏసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగాలు చేస్తారు కదా, మధ్యాహ్నం ఎండలో, పొద్దుటి నుంచి ఉపాసం ఉండి. ఆరో మాట అయ్యాక ఏడో మాట మొదలయ్యే లోపల, జనం సగం నిద్రలో ఉండే జాగా ఒకటుంటుంది. అదీ ఎలీషాది. ఏడాదికి ఒక్కసారి. క్రిస్మస్ స్టేజీ మీద మాత్రం ఆయన కాలు పెట్టలేదు. పైకి ఏమీ అనేవాడు కాదు గానీ, ఆ బాధ ఆయనకు ఎప్పుడూ ఉంది. "మీకు ఎరుక లేదు, కాకకు ఎరుక" అనుకునేవాడు. లోకమంతా ఒక పక్క, టేపుల కాక ఒక పక్క. కాక ఉన్న పక్కే తనది.

సామ్యేల్ మెడికల్ అన్‌ఫిట్ అయ్యాక ఆయన బదులు కొడుక్కి నౌకరీ వచ్చింది. ల్యాంప్ రూము కాదు, బాయి లోపల కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని. రామకృష్ణాపూర్ పిల్ల సువార్తను చేసుకున్నాడు. పెండ్లయిన కొత్తలోనే ఒక రోజు క్యాసెట్ టేపులో చిక్కుకుని, ముద్దై, తెగింది. సర్వర్ దగ్గరికి పట్టుకుపోతే అతికించడానికి ఏమీ మిగల్లేదన్నాడు. ఆ మరుసటేడు సెంటినరీ కాలనీలో క్వార్టరు వచ్చింది, కరెంటు వచ్చింది. క్యాసెట్ ఒక్క ఏడాది ఆగి ఉంటే, టేపును కరెంటు మీద నడిపి ఉంటే, ఈ కథే లేదు. ఆగలేదు.

క్యాసెట్ పోయినా ఎలీషాకు ఫికర్ లేదు. కాక మొత్తం ఒంట్లోకి ఎక్కాడు. ఇక తన మాటలతో పాటలు కట్టడం మొదలుపెట్టాడు. ఫస్ట్ షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, అరుగు మీద కూర్చుని పాడేవాడు.

*దిగిన తొవ్వ ఎరుకే గని,*
*ఎక్కే తొవ్వ ఏదే కాకా...*

ఆ రెండు ముక్కలు అయ్యేలోపు సువార్త పప్పు ఉడికి, చల్లారేది.

"నీ కాక ఆ టేపుల ఏం చెప్పెటోడు?" అని అడిగింది ఆమె ఒకసారి.

"బాయిలకు దిగి పైకి రానోని కోసం ఏడ్చెటోడు."

"నీకు ఇంగిలీషు వచ్చా?"

"ఏడుపుకు ఇంగిలీషెందుకే?"

అలా, టేపు కొన్ననాటి నుంచి ముప్పై ఏళ్లు గడిచాయి. వాళ్ల బిడ్డ డెబోరా కరీంనగర్‌లో డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చింది, చేతిలో ఫోను. తండ్రి పాడుతుంటే చిన్నప్పటి నుంచి విన్నదే. కానీ ఈసారి ఆయన తన పాట కాకుండా కాక పాటే అందుకున్నాడు. నాలుక తిరగని ఆ ఇంగ్లీషు మాటల్లో రెండో మూడో ఆమెకు పోల్చుకోవడానికి వచ్చాయి. ఫోన్‌లో కొట్టింది. ఆయన అది కాదు, ఇది కాదు అంటుంటే ఎన్నో వినిపించింది. చివరికి ఒకటి పెట్టింది.

ముందు డోలు వచ్చింది. పెండ్లిలో పిల్లలు గంతులేసినట్టు టకటకమని వచ్చింది. తర్వాత గొంతు.

ఆడ గొంతు. పడుచు పిల్ల. గలగలా నవ్వుతూ పాడుతోంది.

"నాన్నా, గిదేనా?"

ఎలీషా తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత ఊపడం ఆపేశాడు. పాట ఎక్కడ మలుపు తిరగాలో అక్కడే తిరుగుతోంది. బూర ఎక్కడ లేవాలో అక్కడే లేస్తోంది. తాను వేలు పెట్టే ప్రతి జాగాలో ఆ పిల్ల ముందే వచ్చి నిలబడి, వెళ్లిపోతోంది.

"ఏమంటుంది బిడ్డా ఆమె?"

"ఇంట్ల బల్ల పక్కకు జరిపిన, అందరు రాండ్రి, డాన్స్ చేద్దాం అంటుంది. దీన్ని రిథమ్ అండ్ బ్లూస్ అంటరట నాన్నా. పాతకాలందట."

వంటింట్లోంచి సువార్త వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. నవ్వు ఆగడం లేదు ఆమెకు.

"ముప్పై ఏండ్ల సంది ఆడిపోరిని పట్టుకోని కాకా కాకా అంటున్నవా? బాయిల పోయినోని కోసం ఏడుస్తుండని చెప్తివి! బల్ల జరిపిందట బల్ల!"

ఎలీషా నవ్వలేదు. "మెల్లగ పెట్టరాదు బిడ్డా" అన్నాడు.

డెబోరా ఫోన్‌లో ఏదో నొక్కి వేగం తగ్గించింది. నడక సరిపోయింది. కానీ గొంతు మాత్రం ఆ పిల్లదే. అదే పలచటి గొంతు, నీళ్లలో నడుస్తున్నట్టు. ఆమె మెల్లగా పాడినా కాక కాలేదు. ఎలీషా దాన్ని మళ్లీ మళ్లీ పెట్టించుకున్నాడు. వేగంగా పెడితే కాక లేడు. మెల్లగా పెడితే కాక లేడు. మరి ముప్పై ఏళ్లు తనతో పాడినవాడు ఎవడు?

మర్నాడు డ్యూటీ దిగి ఇంటికి రాకుండా నేరుగా చౌరస్తాకు పోయాడు. సర్వర్ అదే దుకాణంలో ఉన్నాడు, ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నాడు. గడ్డం నెరిసింది.

"సర్వర్ భాయ్, నువ్వు మాకిచ్చిన టేపు ఖరాబుదా?"

"అరే భాయ్, ముప్పై ఏండ్ల కింది మాల్‌కు ఇప్పుడు గ్యారంటీ అడుగుతున్నవా?" సర్వర్ నవ్వాడు. ఎలీషా సంగతంతా చెప్పాక మాత్రం నవ్వు ఆపి కళ్లద్దాలు తీశాడు.

"దేనితోటి నడిపిండ్రు దాన్ని?"

"దీపం బ్యాటరీతోటి."

"యా అల్లా. అది నాలుగు ఓల్టులది. టేపుకు ఆరు గావాలె. మోటర్‌కు తిండి సరిపోకపోతే ఎట్ల ఉరుకుతది? మెల్లగ తిరిగింది. మెల్లగ తిరిగితే పాట సాగుతది, గొంతు లోతుకు పోతది. ఆడోళ్లు మొగోళ్లయితరు. రేడియోల మోటర్ ఉండదు, అందుకే దానికేం గాలే."

"నీకెర్కేనా ముందుగాల్నే?"

"మీ వాడల అందరు గదే బ్యాటరీతోటి నడిపిరి. మీ నాయినె ల్యాంప్ రూమాయె. ఆయినెకు నేను చెప్పాల్నా ఓల్టుల సంగతి?"

ఎలీషా బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు.

"అయితే భాయ్, గింతకాలం నేను వాయించింది... నాది గాదా? బ్యాటరీదా?"

సర్వర్ మళ్లీ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "చాయ్ తాగుతవా?" అన్నాడు. 

ఆ తర్వాత ఎలీషా అన్నం సరిగ్గా తినలేదు. గిటారు ముట్టలేదు. అరుగు మీద ఊరికే కూర్చునేవాడు. సువార్తకు భయం పట్టుకుంది.

"ఏమైందయ్యా? ఎవలు సచ్చిండ్రని గిట్ల కూసున్నవు?"

"కాక."

"లేనోడు ఎట్ల సస్తడు?"

"గదే నాకు సమజైతలేదు" అన్నాడు ఎలీషా.

నిజంగానే సమజు కాలేదు ఆయనకు. ఆ పిల్ల పాట ఆమెది, అది ఒప్పుకోవాల్సిందే. టేపులో వచ్చింది ఆమె పాట కాదు. అలాగని కాక పాటా కాదు, కాకే లేడు కాబట్టి. తాను చేసింది ఆ లేని కాకకు నకలు. మరి నకలుకు అసలు లేకపోతే దాన్ని ఏమంటారు? అబద్ధం అంటారా? లోకమంతా నవ్వినప్పుడు ఆయన వెనక కాక ఒక్కడు నిలబడ్డాడు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అక్కడ బట్టలు ఆరేసిన తాడు కూడా లేదు. జనమే కరెక్టు, తనే పిచ్చోడా?

సంగతి చర్చికి పాకింది. పాకకుండా ఉంటుందా, మీలాంటి నోళ్లే కదా అక్కడా ఉన్నది! జాన్ ప్రసాద్ రిటైరై కర్ర పట్టుకుని నడుస్తున్నాడు అప్పటికి. కొయిర్‌ను మాత్రం వదల్లేదు. ఎలీషా ఇంటికి తానే వచ్చాడు.

"జరిగింది జరిగిందిర. తప్పు నీది గాదు, బ్యాటరీది. ఇప్పుడన్న తీగలు బిగించు. ఈ క్రిస్మస్‌కు స్టేజీ మీద నీకు జాగ ఇస్త."

ముప్పై ఏళ్లుగా మూసి ఉన్న తలుపు అది. ఎలీషా తీగలు బిగించాడు. బిగిస్తుంటే రెండు తెగాయి, కొత్తవి వేశాడు. ఫోన్‌లో ఆ పిల్ల పాట పెట్టుకుని, ఆమె వెంట పరుగెత్తడం నేర్చుకున్నాడు. వేళ్లు మొండికేశాయి, బాయిలో దిమ్మెలు మోసిన వేళ్లు కదా. అయినా వదల్లేదు. డిసెంబరు వచ్చేసరికి టకటకమని వాయిస్తున్నాడు. సువార్త కూడా, "ఇప్పుడు మంచిగున్నది" అంది. అని, పొయ్యి దగ్గరికి పోయి పప్పు మూత తీసి చూసింది, ఇంకా ఉడకలేదు.

క్రిస్మస్ ప్రోగ్రాం నాడు స్టేజీ ఎక్కాడు, తెల్ల చొక్కా వేసుకుని. కొయిర్‌తో పాటు ఒక్క అడుగు వెనక పడకుండా వాయించాడు. జాన్ ప్రసాద్ కీబోర్డు వెనక నుంచి తల ఊపాడు. జనం చప్పట్లు కొట్టారు. పిల్లలు గంతులేశారు. అంతా సక్రమంగా జరిగింది.

కిందికి దిగి కుర్చీల వెనక నుంచి పోతుంటే, ఇద్దరు ముసలమ్మలు మాట్లాడుకోవడం ఆయన చెవిన పడింది. ముందు మాట్లాడినామె జమున, క్యారల్స్ నాడు నక్షత్రం కోసం చూసి తలుపు వేసుకున్న మనిషే.

"మంచిగ వాయించిండ్రు గని, ఎలీషా రాలేదాయె? ఏమన్న పానం బాగలేదా ఏంది?"

"స్టేజీ మీదున్నది ఆయినే గదనే."

"పోవే. ఆయినె అయితే నాకు తెల్వదా? సప్పుడు ఎర్కపట్టనా?"

ఎలీషా అక్కడే ఆగిపోయాడు. ఇన్నేళ్లూ తనను చూసి నవ్విన మనిషి, ఇప్పుడు తన చప్పుడు వినబడలేదని వెతుకుతోంది. సంతోషపడాలా, ఏడవాలా? ఇంటికొచ్చి సువార్తకు చెప్పాడు.

"మరింకేంది? నీకు ఒక సప్పుడుందన్నట్టే గదా" అంది ఆమె.

"ఉన్నది. గని నాదేనా?"

గుడ్ ఫ్రైడే వచ్చింది. ఆరో మాట అయిపోయింది. బయట ఎండ, లోపల ఫ్యాన్లు వేడిగాలి తిప్పుతున్నాయి. ఎలీషా గిటారు తీసి, అందరూ చూస్తుండగానే తీగల చెవులు ఒక్కొక్కటే వెనక్కి తిప్పాడు. అవి గుయ్యిమని దిగుతూ పోయాయి. జాన్ ప్రసాద్ కర్ర నేలకేసి కొట్టాడు, వద్దని. ఎలీషా ఆయన వైపు చూడలేదు.

దిగిన తొవ్వ ఎరుకే గని అని అందుకున్నాడు. తన మాటలే. కాక అన్న మాట వచ్చే జాగాలో ఆగాడు. కాక లేడు కదా, ఎవరిని పిలవాలి? ఆ ఆగడం చాలాసేపు ఉంది. ఫ్యాన్ల చప్పుడు వినబడింది. మర్చిపోయాడేమో అని సువార్త కొంగు నోట్లో పెట్టుకుంది. అప్పుడు మాట లేకుండా, ఆ లోతు గొంతు ఒక్కటే తీశాడు, కప్పు దాకా. కొయిర్ కలవలేకపోయింది. ఎక్కడ కలవాలో వాళ్లకు దొరకలేదు. జాన్ ప్రసాద్ కీబోర్డు మీది నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కొందరు ఏడ్చారు. కొందరు దగ్గారు. ఒకాయన లేచి బయటికి పోయాడు, ఎందుకో తెలియదు. ఆ రోజు పక్క బెంచీ మీద కూర్చుని డెబోరా ఫోన్‌లో రికార్డు చేసింది.

అయిపోయాక జాన్ ప్రసాద్ దగ్గరికి వచ్చాడు. "గిది మంచిగున్నదో లేదో నాకు తెల్వదిర. అబద్ధమెందుకు? గని నీ తీగల జోలికి ఇగ నేను రాను" అన్నాడు.

క్రిస్మస్‌కు మళ్లీ పిలవలేదు ఆయన. ఎలీషా కూడా అడగలేదు. మళ్లీ అరుగు, మళ్లీ గిటారు, తాళ్లలా వేలాడే తీగలు. మీరు చూసింది ఆ ఎలీషానే. తెలిసి తెలిసి సాగదీస్తున్న ఎలీషా. ఒక తేడా మాత్రం ఉంది. అంతకు ముందు అనుమానం లేకుండా వాయించేవాడు. ఇప్పుడు ప్రతి పాట అయ్యాక సువార్త వైపు తిరిగి అడిగేవాడు.

"గిది నాదేనంటవా?"

"నీది గాకపోతే ఎవలిది? నాదని అడిగెటోడు ఎవడన్న అచ్చిండా?"

"బ్యాటరీది అయితే?"

"బ్యాటరీని పిలువు మరి, వచ్చి వాయిస్తదేమో చూద్దాం. నేను పోయి పిండి కలుపుకుంట."

రోజూ ఇదే మాట, ఇదే జవాబు. ఆయనకు తృప్తి లేదు. ఒకసారి సర్వర్‌ను పాత దీపం బ్యాటరీ దొరుకుతుందా అని అడిగాడు. ఏం చేస్తావంటే, ఆ పిల్ల పాటను ఒక్కసారి దాని మీద నడిపి చూస్తానన్నాడు. కాకకూ తనకూ తేడా ఎంతో తెలుసుకోవాలని. ఇప్పుడు బాయిలోకి అన్నీ చిన్న చిన్న దీపాలు వచ్చాయి, ఆ ఇటుకలు ఎక్కడా లేవు. దొరకలేదు. తేడా తెలియలేదు.

పోయినేడు ఎండాకాలం రాకముందే, సెకండ్ షిఫ్టుకు తయారవుతూ, బూటు తాడు కట్టుకుంటూ అరుగు మీదే ఒరిగిపోయాడు. దవాఖానకు తీసుకుపోయేసరికి గుండె ఆగింది అన్నారు.

మట్టి ఇచ్చేటప్పుడు ఏం పాడాలని మాట వచ్చింది. కొయిర్ ఆయన పాట పాడదామని చూసింది గానీ, ఎవరి ఊపిరీ అంత దూరం సాగలేదు. రెండో ముక్కకే అందరూ ముందుకు ఉరికారు. "వద్దు, ఆపుండ్రి" అన్నాడు జాన్ ప్రసాద్. డెబోరా ఫోన్ తీసి గుడ్ ఫ్రైడే నాటి పాట పెట్టింది. గుమ్ముమని ఆ మోత లేచింది. ఆ గొంతు లేచింది, ఎదురెక్కుతూ.

సువార్త వైపు చుట్టం ఒకాయన పక్కనే ఉన్న జైపూర్ నుంచి వచ్చాడు. అక్కడి పవర్ ప్లాంటులో కరెంటు పని ఆయనది. ఎలీషా పాట ఎప్పుడూ విన్నవాడు కాదు. కాసేపు చూసి, పక్కనున్న సర్వర్ చెవిలో గుసగుసలాడాడు.

"అన్నా, ఆ పిల్ల ఫోన్ల చార్జింగ్ అయిపోతున్నట్టున్నది. పాత టేపు లెక్క పాట సాగుతుంది సూడు."

సర్వర్ పోయి డెబోరా చేతిలోని ఫోను వంచి చూశాడు. తిరిగొచ్చి, అందరికీ వినబడేలా చెప్పాడు.

"ఫుల్ చార్జింగ్ ఉన్నది. ఆయినె పాడుడే గట్ల."

సువార్త తలెత్తి సర్వర్‌ను చూసింది. తర్వాత పెట్టె వైపు చూసింది, విన్నావా అన్నట్టు.

చనిపోయేనాటికి ఎలీషాకు యాభై ఆరేళ్లు.